రుమాలు కొస

మన ఇళ్లల్లో నాచ్ అనే మాట వినపడగానే మొదటి సవాల్ అడుగుల గురించి రాదు, చేతుల గురించి వస్తుంది. ఎవరి చెయ్యి ఎవరు పట్టుకున్నారు? ఎక్కడ పట్టుకున్నారు? ఎంతసేపు? కాళ్లు ఎలా ఆడాయో ఎవరికీ పట్టదు. ఎగతాళికి అనడం లేదు. కొన్నేళ్లుగా పెదబయలులో ఉంటూ థింసా చూసి, అందులో చేరి ఆడాక ఆ సవాల్ సరైనదే అనిపిస్తోంది. అడిగే లెహజాలోనే ఉంది తేడా అంతా. కలిసి ఆడే ఏ నాచ్‌లో అయినా అసలు ఇల్మ్ చేతుల్లోనే ఉంటుంది. కాళ్లు చేతులు చెప్పింది వింటాయి, అంతే.

పెదబయలు ఎక్కడ అని అడిగేవాళ్ల కోసం: పాడేరులో ముంచంగిపుట్టు బస్సెక్కితే మధ్యలో వస్తుంది. ముంచంగిపుట్టు దాటి ఇంకాస్త పోతే ఒడిశా. 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లా పుట్టేదాకా విశాఖ జిల్లాలో ఉండేది. చలికాలం మొదట్లో వలిసె పూలు పూసి కొండవాలు మొత్తం పసుపు ఆరబోసినట్టు ఉంటుంది. బగతలు, కొండదొరలు, కోదులు, పోర్జలు, వాల్మీకులు, ఇంకా ఎందరో ఉన్న చోటు. సంతలో తెలుగు, ఆదివాసీ ఒడియా కలిసి ప్రవహిస్తుంటాయి. మా గుంటూరు వైపు తెలుగూ ఉర్దూ కలిసినట్టే. ఆ కలగలుపు విన్న రోజే నాకు ఈ ఊరు పరాయిది కాదనిపించింది.

నేను ఇక్కడి ఆడపిల్లల ఆశ్రమ పాఠశాలకి తెలుగు టీచర్‌గా వచ్చేసరికి మా ఆయన ఇంతెఖాల్ అయ్యి ఏడు నెలలు. ఇద్దత్ 4 నెలల 10 రోజులూ అమ్మీ ఇంట్లో గడిపాను. ఆ తర్వాత బదిలీ కాగితం వస్తే ఎవరితోనూ పెద్దగా మష్వరా చేయకుండా వచ్చి చేరిపోయాను. ఈ సంగతి ఇక్కడ రాయడానికి కారణం ఒకటే. మనిషి పోయాక జనం మనతో కళ్లతో మాట్లాడతారు, మాటలతో సబర్ చెప్తారు, చేత్తో మాత్రం తాకరు. బేవాని తాకితే విరిగిపోతుందేమో అన్నట్టు దూరంగా నిలబడతారు. బస్సులో పక్క సీటు భుజం తప్ప ఇంకో మనిషి ఒంటి వేడి తగలక నెలలు గడిచాయి నాకు. అలాంటప్పుడు ఒక సాయంత్రం హాస్టల్ వాకిట్లో పిల్లలు థింసా ప్రాక్టీస్ చేస్తుంటే కుర్చీ వేసుకుని చూస్తున్నాను. వంట చేసే ఆవిడ వచ్చి, "ఊరికే కూర్చుంటే చలి ఎక్కుద్ది మేడమ్, రండి" అంది. నేను అవునూ కాదూ అనేలోపు పిల్లలు వరస మధ్యలో నాకు చోటు చేశారు. నా వీపు వెనక రెండు సన్నటి ముంజేతులు వచ్చి ఆనాయి. అంతే. ఆ రాత్రి ఇషా నమాజులో సజ్దాలో చాలాసేపు ఉండిపోయాను.

థింసా పట్టు ఎలా ఉంటుందో చెప్పాలి. ఊరూరికీ కొంచెం తేడా ఉంటుంది, కొన్నిచోట్ల పక్కామె నడుమే పట్టుకుంటారు. మా పిల్లలు నేర్పింది ఇది. వరసలో నేను నిలబడ్డాను. నా కుడి చెయ్యి నా కుడిపక్క పిల్ల చేతిని పట్టుకోదు. ఆ పిల్ల వీపు వెనకనుంచి వెళ్లి, ఆమెకి అవతలున్న పిల్ల ఎడమ చేతిని పట్టుకుంటుంది. ఎడమ వైపూ అంతే. అలాగే నా వీపు వెనక, నాకు రెండు పక్కలా ఉన్న ఇద్దరి చేతులు ఒకదాన్నొకటి కలుసుకుంటాయి. అంటే నేను చెయ్యి పట్టుకున్నవాళ్లు వేరు, నన్ను చుట్టుకున్న చేతులు వేరు. బుట్ట అల్లిక చూశారుగా, ఒక బద్ద కింద నుంచి పోయి ఆ తర్వాతి దాని మీదుగా తేలుతుంది, అలాంటి అల్లిక. పదిహేను ఇరవై మంది ఇలా అల్లుకుని నిలబడితే అది మనుషుల వరసలా ఉండదు. ఒకటే ఒళ్లు, ముప్పై నలభై కాళ్లు.

ఈ అల్లికకి రెండు ఫలితాలున్నాయి. ఒకటి: ఎవరూ పడిపోరు. నా పక్కపిల్ల కాలు జారితే ఆమె వీపు వెనక నా చెయ్యీ అవతలి పిల్ల చెయ్యీ కలిసి పట్టీలా ఉన్నాయి కదా, వాటి మీద ఆగుతుంది. ఆమె చేతులు ఆమెని కాపాడక్కర్లేదు, మా చేతులు చూసుకుంటాయి. రెండోది నాకు చాలా ఆలస్యంగా వెలిగింది: ఈ వరస మధ్యలోకి బయటివాళ్లు జొరబడలేరు. మామూలుగా చెయ్యీ చెయ్యీ పట్టుకున్న వరస అయితే ఇద్దరి మధ్యకి వెళ్లి ఒక ముడి విప్పితే చాలు, చోటు దొరుకుతుంది. ఇక్కడ ఇద్దరి మధ్య చోటు కావాలంటే ఆ ఇద్దరి వీపుల వెనకా ఉన్న రెండు ముడులు విప్పాలి. అంటే నలుగురు చేతులు వదలాలి. నలుగురి ఇజాజత్ లేకుండా ఒక్కరు లోపలికి రాలేరు. నిఖానామా మీద కూడా ఇద్దరు గవాలతో సరిపెడతాం మనం.

ఇక నడిపించడం. వరసకి ఒక కొస ఉంటుంది. కొసన ఉన్నామెకి ఒక చెయ్యి ఖాళీ. ఆ ఖాళీ చేతిలో రుమాలు గానీ, పండగ పెద్దదైతే నెమలి ఈకల కట్ట గానీ ఉంటుంది. బోడ థింసా అని ఊరి దేవత పండగలో ఆడేది ఒకటుంది. మగవాళ్లు కుడి వైపు, ఆడవాళ్లు ఎడమ వైపు రెండు వరసలుగా నిలబడి ఒకరి వీపు మీద ఒకరు చేతులు వేసుకుంటారు. కుడి వరస మొదటి మనిషి నెమలి ఈకల కట్ట పట్టుకుని ముందు నడుస్తాడు. ఎడమ వరస చివరి మనిషి అతనితో కలుస్తుంది. రెండు వరసలూ ఒకటైపోయి పాములా మెలికలు తిరిగి గుండ్రంగా వస్తాయి. చూసేవాళ్లు ఈకల కట్టే వరసని నడిపిస్తోందనుకుంటారు. అది కళ్ల కోసం. వరసలో పదో స్థానంలో ఉన్న మనిషికి ఆ ఈకలు కనపడవు. ఆమెకి ఇషారా వీపు మీద అందుతుంది.

ఎలా అందుతుందంటే, ముందు బరువు మారుతుంది. తర్వాత నడుము వంగుతుంది. ఆ తర్వాతే అడుగు పడుతుంది. కొసన ఉన్న పిల్ల ఎడమకి తిరగాలనుకుంటే చేత్తో లాగదు, లాగితే వరస తెగుతుంది. తన బరువు ఎడమ కాలి మీదకి ఒంపుతుంది. ఆ ఒంపు ఆమె పక్కామె వీపుకి, అక్కడినుంచి ఆ తర్వాతామె ముంజేతికి పాకుతుంది. పదో మనిషి దాకా రావడానికి ఒక డప్పు దెబ్బ కూడా పట్టదు. ఆరో తరగతి నుంచి కొత్తగా వచ్చిన పిల్లలకి పెద్ద పిల్లలు మొదట నేర్పేది అడుగులు కాదు, మోచెయ్యి. చెయ్యి కర్రలా బిగిస్తే ఇషారా దెబ్బలా తగులుతుంది, పక్కవాళ్లకి నెప్పి. తాడులా వదిలేస్తే ఇషారా అక్కడే చచ్చిపోతుంది. "పచ్చి వెదురులా పెట్టు" అంటారు. వంగాలి, కానీ వాలిపోకూడదు. ఎండు వెదురు, నానిన తాడు, పచ్చి వెదురు: మూడింటినీ నిజంగా పట్టుకొచ్చి చేతికిచ్చి చూపించిన పిల్ల ఒకతి ఉంది. నాకు బీఈడీలో ఇంత బాగా ఎవరూ పాఠం చెప్పలేదు.

వరస గుండ్రంగా తిరిగేటప్పుడు ఇంకో చిక్కు. లోపలి కొసన ఉన్నవాళ్లు దాదాపు నిలబడ్డచోటే కదులుతారు, బయటి కొసన ఉన్నవాళ్లు పెద్ద పెద్ద కదమ్‌లు వేస్తూ ఇంచుమించు పరిగెత్తాలి. ముందున్న మనిషి తన సంబరంలో వేగంగా తిరిగితే తోకన ఉన్న పిల్లలు కొరడా చివరలా విసిరేసినట్టవుతుంది. అందుకే తోకన చిన్నపిల్లల్ని పెట్టరు, ఒడుపు తెలిసిన గట్టి మనిషిని పెడతారు. తల ఎంత ముఖ్యమో తోక అంత. ముందుండి నడిపేవాళ్లు వెనక చివరి మనిషి కాళ్లు ఎంత దూరం వెయ్యాల్సి వస్తోందో మనసులో లెక్కేసుకుంటూ తిరగాలి. దేశాన్ని నడిపేవాళ్లకి ఈ లెక్క ఎవరైనా నేర్పితే బాగుండు అని నాకు అనిపిస్తుంది, సరే, ఆ మాట ఇక్కడొద్దు.

తుడుము, డప్పు, మోరి, కిరిడి, జోడుకొమ్ములు వాయించేది మగవాళ్లు. వాళ్లు వేగం ఇస్తారు, దారి ఇవ్వరు. దారి వరసది. ఒక్కో థింసాకి ఒక్కో పట్టు. కుండ థింసాలో భుజాలతో ఒకళ్లనొకళ్లు నెట్టుకుంటూ ఊగుతారు. బాగ్ థింసా పులి నుంచి తప్పించుకునే ఒడుపు చూపిస్తుంది. సగం మంది చేతులు కలిపి వలయం కట్టి మునివేళ్ల మీద లేస్తూ వంగుతూ ఉంటే మిగతావాళ్లు వేగంగా చుట్టూ తిరుగుతూ పాము చుట్టలా బిగుస్తారు. బాగ్ అంటే పులి అని మాకు వేరే చెప్పక్కర్లేదు, మా బాఘే కదా అది! గుండేరి థింసాలో మగమనిషి ముందు పాట పాడి ఆడవాళ్లని ఆడటానికి రమ్మని పిలుస్తాడు. పిలుపు ముందు, అడుగు తర్వాత. నాకు ఆ వరస చాలా ఇష్టం.

పట్టు నేర్చుకున్న కొన్నాళ్లకి ఈద్ సెలవుల్లో ఊరెళ్లాను. ఇంట్లో అమ్మీ, ఇద్దరు ఖాలాలు, నేను సఫ్ కట్టి నమాజ్‌కి నిలబడితే భుజానికి భుజం తగిలింది. చిన్నప్పటినుంచీ నానీమా చెప్పే మాటే: సఫ్‌లో సందు వదలొద్దు, షైతాన్ దూరతాడు. ఆ రోజు ఆ మాట నా భుజంతో విన్నాను. అక్కడా అంతే కదా, ముందు ఒకరుంటారు, వెనక వరసలుంటాయి, ఎవరూ ఎవరినీ లాగరు. ఈద్‌గాహ్‌లో జనం ఎక్కువై ఇమామ్ గొంతు వెనక దాకా రాకపోతే మధ్యలో ముకబ్బిర్ నిలబడి తక్బీర్ అందుకుని వెనక్కి చేరవేస్తాడు. థింసా వరసలో ప్రతి వీపూ ఒక ముకబ్బిర్. నమాజునీ నాచ్‌నీ పోలుస్తోంది ఈమె అని కామెంట్ రాయబోయే భాయ్‌సాబ్‌లు ఒక్క నిమిషం ఆగండి. ఇబాదత్ ఇబాదతే, ఆట ఆటే. నేను పోల్చేది భుజాన్ని మాత్రమే.

అమ్మీకి ఫోన్‌లో సంగతి చెప్పాను. దాచే వయసు కాదు నాది.

"నాచ్‌తే క్యా తూ?" అంది. ఆ తర్వాత చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఊహించిన సవాలే. "మగాళ్లుంటారా?"

"వాయించేవాళ్లు దూరంగా ఉంటారమ్మీ. వరసలో అందరూ ఆడపిల్లలే."

"చేతులు?"

చెప్పాను, వీపు వెనకనుంచి ఎలా పోతాయో. అమ్మీకి ఫోన్‌లో అర్థం కాలేదు. ఇంటికెళ్లినప్పుడు ఖాలాలిద్దర్నీ నిలబెట్టి చూపించాను. అమ్మీ మధ్యలో నిలబడింది. మా చేతులు ఆమె వీపు వెనక కలిశాయి. మోకాళ్ల నెప్పుల మనిషి, ఒక్క అడుగు వేసి, "ఆసరాగా ఉంది" అంది. జాయిజ్ అనలేదు, నాజాయిజ్ అనలేదు.

మన సమాజ్‌లోనే ఈ చేతుల భయం ఉందనుకోవడం కూడా సరికాదు. వాల్ట్జ్ ఇంగ్లండ్‌లో కాలుపెట్టినప్పుడు జరిగిన గోల చదివితే మా మొహల్లా పెద్దలు నయమనిపిస్తారు. అందులో మగవాడి కుడి చెయ్యి ఆమె ఎడమ భుజం వెనక ఎముక మీద ఉంటుంది, ఆమె ఎడమ చెయ్యి అతని జబ్బ మీద, మిగిలిన రెండు చేతులూ కలిసి పక్కకి. ఒకరి ఎదురుగా ఒకరు, అంత దగ్గరగా. 1813లో బైరన్ అంతటివాడు, స్వయంగా ఏమంత పరహేజ్‌గార్ కాని మనిషి, దాన్ని వెక్కిరిస్తూ పేరు దాచుకుని కవిత్వం అచ్చేశాడు. 1816 జూలైలో లండన్ టైమ్స్ పత్రిక రాజకుమారుడి దర్బారు నాట్యంలోకి వాల్ట్జ్ వచ్చిందని మండిపడుతూ సంపాదకీయం రాసింది. ఇప్పుడది తాతలూ నానీలూ ఆడే మర్యాదైన నాట్యం! టాంగోలో పట్టు పేరే కౌగిలి, స్పానిష్‌లో అబ్రాసో. అందులో నేర్పేవాళ్లూ చేత్తో తొయ్యొద్దనే చెప్తారు. ఛాతీ తిరిగితే ఎదుటి మనిషికి తెలుస్తుంది, చెయ్యి ఆ కబురు మోసే దారి మాత్రమే. పెదబయలు పిల్లలు పచ్చి వెదురు అన్నదే వాళ్లు వేరే మాటల్లో అంటున్నారు. తేడా ఏంటంటే జంట నాట్యాల్లో నడిపేది ఒకరు, నడిచేది ఒకరు అని ముందే వంతులు పడిపోయి ఉంటాయి, చాలాకాలం ఆ వంతు మగాడిదే. థింసాలో కొస మారుతుంది. ఇటు తిరిగితే ఇటు కొస తల, అటు తిరిగితే తోకే తల.

ఇప్పుడు అసలు సంగతి.

ఒకసారి మా పిల్లలతో బయట ఒక చోట థింసా ఆడించారు. ఏ చోటో, ఎవరి ప్రోగ్రామో వద్దు. షామియానా, సోఫాలు, సోఫాల ముందు గాజు బల్లలు, నీళ్ల సీసాలు. అరకు వైపు రిసార్టుల్లో సాయంత్రం మంట చుట్టూ ఆడించే థింసా చూసినవాళ్లకి తెలుస్తుంది, చివరి పది నిమిషాలు చూడవచ్చినవాళ్లని కూడా వరసలోకి పిలుస్తారు. అది మంచి అలవాటే. చిక్కేమిటంటే పిలవకముందే వచ్చేవాళ్లుంటారు. వచ్చి నేరుగా మధ్యలో అందమైన ఇద్దరు పిల్లల మధ్య నిలబడి నడుం మీద చెయ్యేస్తారు, ఫొటో తియ్యమని ఫోన్ ఎవరికో అందిస్తారు. థింసా ఆడే ఆడవాళ్లు దానికి తగ్గ తెలివి సంపాదించుకున్నారు. వచ్చిన ఆడవాళ్లని నవ్వుతూ మధ్యలోకి తీసుకుంటారు, మగవాళ్లని కొసకి జరుపుతారు. జరిపినట్టే ఉండదు, ఆట అలా తిరిగిందనిపిస్తుంది.

ఆ రోజు ఆడుతున్నది వృత్తి కళాకారులు కాదు, బడి పిల్లలు. సోఫాలోంచి ఒక మెహ్మాన్ లేచాడు. హోదా ఉన్న మనిషి. మంచివాడో కాదో నాకు తెలియదు, ఆ రోజు ఉత్సాహంలో ఉన్నాడు. నేరుగా వరస మధ్యకి వచ్చి ఇద్దరు తొమ్మిదో తరగతి పిల్లల మధ్య భుజం పెట్టాడు. ఇందాక చెప్పిన అల్లిక గుర్తుందా? సందు లేదు. పిల్లలు ఆగలేదు, చేతులు వదల్లేదు, మోరి పాట నడుస్తూనే ఉంది. ఆయన నవ్వుతూ మళ్లీ ప్రయత్నించాడు. స్టేజీ కింద నేను లేచి నిలబడ్డాను. నా పక్కనున్న ఒకాయన "కూర్చోండి మేడమ్, సార్ సరదా పడుతున్నారు" అన్నాడు. నేను కూర్చోలేదు. స్టేజీ మెట్లవైపు నడుస్తున్నాను. నేను వెళ్లి ఏం చేసేదాన్నో నాకు తెలుసు, ఆ తర్వాత నా ఉద్యోగానికి ఏం జరిగేదో కూడా తెలుసు.

నాకు ఆ అవసరం రాలేదు. వరస వంగింది. ఎవరు ఎవరికి చెప్పారో కనపడలేదు, కొసన ఉన్న పిల్ల బరువు మార్చింది, పదహారు మంది ఆ మెహ్మాన్ చుట్టూ అర్ధచంద్రంలా తిరిగి వెళ్లిపోయారు. ఒక్క క్షణంలో ఆయన వరస మధ్యలో కాదు, వరస కొసన ఉన్నాడు. ఆ పిల్ల, పచ్చి వెదురు పాఠం చెప్పిన పిల్లే, తన ఖాళీ చేతిలో ఉన్న రుమాలు రెండో కొస ఆయనకి అందించింది. ఆయన పట్టుకున్నాడు. పట్టుకోక ఏం చేస్తాడు, అందరూ చూస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు. ఆయనకి ఆమెకి మధ్య మూరెడు గుడ్డ. ఆ గుడ్డ కొసని పట్టుకుని ఆ మనిషి రెండు చుట్లు ఆడాడు. బాగానే ఆడాడు, నిజం చెప్పాలి. ఆమె తిప్పినట్టు తిరిగాడు. గుడ్డ వదులయినప్పుడు ఆగాడు, బిగిసినప్పుడు నడిచాడు. ఎవరి ఇజ్జత్‌కీ గీత పడలేదు. దిగిపోతూ ఆమెకి నమస్కారం కూడా పెట్టాడు.

రాత్రి హాస్టల్‌కి వచ్చాక అడిగాను, ఎవరు నేర్పారే నీకిది అని. ఎవరూ నేర్పలేదంది. "చెయ్యి ఇవ్వబుద్ధి కాలేదు మేడమ్. ఇవ్వనంటే ఊరుకోరు. రుమాలు ఉంది కదా." అంతే చెప్పి అన్నానికి పోయింది.

ఆ పిల్లకి తెలియదు గానీ ఆమె చేసిన పని దునియాలో చాలాచోట్ల పాత రివాజే. గ్రీసు జానపద వరసల్లో ముందు ఆడే మనిషికీ రెండో మనిషికీ మధ్య చెయ్యి బదులు రుమాలు ఉంటుంది. రెండో మనిషి గట్టిగా నిలబడి ఆ గుడ్డని బిగించి పడితే మొదటి మనిషి దాని ఆసరాతో గిరుక్కున తిరుగుతాడు, వెనక్కి వాలుతాడు. తుర్కీ హలాయ్‌లో కొసన ఉన్నవాళ్లు రుమాలు ఊపుతారు, కొన్ని హలాయ్‌లలో చేతులు కూడా కలపరు, చిటికెన వేళ్లు మెలేసుకుంటారు, అంతే. ఫలస్తీన్ దబ్కేలో వరస ముందు మనిషి ఖాళీ చేతిలో తస్బీహ్ గిరగిరా తిప్పుతుంటాడు. 2023లో యునెస్కో ఆ దబ్కేని మానవజాతి వారసత్వ జాబితాలో చేర్చింది. యూదుల్లో హసీదీల పెళ్లిళ్లలో దుల్హన్‌తో ఆడే పెద్దలు ఆమె చెయ్యి పట్టుకోరు, నడికట్టు గుడ్డకి ఒక కొసన ఆమె, ఇంకో కొసన వాళ్లు. హయా ఉన్నచోట ఆట ఆగిపోవాలని ఏమీ లేదు. మధ్యలో ఒక గుడ్డ ముక్క చాలు.

ఇదంతా అమ్మీకి చెప్తుంటే మధ్యలో ఆపింది. "మా అమ్మకి పీర్ సాబ్ బైఅత్ ఇచ్చింది అట్లనే కదా" అంది. నాకు తెలియని సంగతి. నానీమా పెళ్లికి ముందు మురీద్ అయిందట. పరదాకి అటు పీర్ సాబ్, ఇటు ఆడవాళ్లు. ఆయన చాదర్ ఒక కొస ఆయన చేతిలో, రెండో కొస పరదా కిందనుంచి ఇటు వచ్చింది. ఆడవాళ్లు ఆ కొస పట్టుకుని ఖరార్ చెప్పారు. బీబీ ఆయిషా రివాయత్ ఉంది బుఖారీలో, రసూలల్లాహ్ ఆడవాళ్ల బైఅత్ మాటతో తీసుకునేవారని, ఆయన చెయ్యి పరాయి స్త్రీ చేతిని తాకలేదని. మన సూఫీ సిల్సిలాల్లో అది చాదర్ కొసగా, దస్తార్ కొసగా మారింది. నానీమా ఆ సంగతి చెప్పినప్పుడల్లా ఒక మాట అనేదట: గుడ్డ అటునుంచి కొంచెం బిగిసింది, నేను వదలొచ్చు కానీ వదల్లేదు.

ఈ మాట నాలో ఉండిపోయింది. చెయ్యి పట్టుకుంటే వదిలించుకోవడానికి జోర్ కావాలి. గుడ్డ కొసయితే వేళ్లు విప్పితే చాలు. థింసా వరసలో కూడా, చూడ్డానికి అంత గట్టిగా అల్లుకుని ఉన్నా, వేలు వేలులో కొక్కెంలా ఉంటుంది, అంతే. దాహం వేసిన పిల్ల వేళ్లు విప్పి వెళ్లిపోతుంది, ఆమె వెనక చేతులు దగ్గరికి జరిగి కలిసిపోతాయి, మళ్లీ వచ్చి కొసన నిలబడుతుంది. ఎందుకెళ్లావని ఎవరూ అడగరు.

చైత్రంలో ఇటుకల పండగ వచ్చింది. మగవాళ్లు వేటకని కొండెక్కారు. ఆడవాళ్లు రోడ్డుకి అడ్డంగా వెదురు పెట్టి వచ్చే పోయే బళ్లు ఆపి పండగ డబ్బులు అడుగుతూ, ఇచ్చినా ఇవ్వకపోయినా నవ్వుతూ, మధ్యమధ్య థింసా ఆడుతున్నారు. నేను నల్ల బురఖా మీద నడుముకి కండువా బిగించి వాళ్లలో నిలబడ్డాను. పాడేరు వెళ్లే బస్సు ఆగింది. కిటికీలోంచి మనవాళ్లే ఎవరో, గడ్డం, టోపీ, నన్ను చూసి కళ్లు పెద్దవి చేశాడు. సలాం చెప్పాను. జవాబ్ చెప్పాడు, జేబులోంచి పది రూపాయలు తీసి వెదురు పట్టుకున్న ఆవిడకి ఇచ్చాడు. నా రెండు చేతులూ ఖాళీ లేవు మరి.

ఈ వారం సంతలో గళ్ల రుమాళ్లు కొన్నాను, డజను. బడి థింసా బృందానికి. పిల్లలు రంగులు ఏరుకుంటూ కొట్టుకున్నారు. కొసన ఆడే ఆ పిల్ల మాత్రం రెండు తీసి మడిచి నడుంలో దోపుకుంది. ఒకటి చాలదా అన్నాను.

"మెహ్మాన్లు ఇద్దరొస్తేనో మేడమ్?" అంది. ఆ మాట నా దగ్గరే నేర్చుకుంది.